పలకరింపు వినని యంత్రం

రోజూ పొద్దున ఆరున్నరకి బసీలియా తన కుర్చీలో కూర్చుని, కొమ్ము గ్లాసులో తేయాకులాంటి యెర్బా ఆకు నింపి, చల్లటి నీళ్ళు పోసుకుని ఒక గుక్క తాగాకే ఫోను ఎత్తేది. బెయ్యా విస్తా ఊళ్ళోని యెర్బా ఆకు మిల్లులో పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని అదే. రైతులు ఆకు కోశామని చెప్పేవారు, ఆమె లారీ పంపేది. కోసిన ఆకుకి ఒక్క రోజులో మంట సెగ తగలకపోతే నల్లబడి ఎందుకూ పనికిరాదు.

ఆ ఏడు మిల్లువాళ్ళు రాజధాని నుంచి ఒక కంపెనీని పిలిపించి, ఫోన్లకీ కంప్యూటర్లకీ ముందటేడు కన్నా మూడింతలు ఖర్చుపెట్టారు. ఊళ్ళో ప్రతి వ్యాపారమూ పెడుతోంది, మనమొక్కళ్ళమే వెనకబడాలా అన్నాడు మేనేజరు ఒవీదియో. ఇక ఫోను యంత్రమే ఎత్తుతుంది. బసీలియాని సంచులకు చీటీలు అంటించే పనికి మార్చారు. రెండు నెలలు యంత్రం సరిగ్గా నడిస్తే ఆ పని కూడా ఉండదన్నారు.

రెండో వారంలో పెద్దాయన ఎమెతెరియో తోటలో రెండు టన్నుల ఆకు నల్లబడింది. తర్వాత ఇంకో ముగ్గురిది. ఫోను చేసినా లారీ రాలేదని వాళ్ళ గోల. బటను నొక్కడం కూడా చేతకానివాళ్ళని ఒవీదియో నవ్వాడు. ఆ నవ్వుకి బసీలియా ఒళ్ళు మండిపోయింది.

యంత్రం ప్రతి మాటా దాచుకుంటుందని కంపెనీవాళ్ళే గొప్పగా చెప్పారు. ఆమె తిన్నగా ఆఫీసులోకి వెళ్ళి, ఒవీదియో ఎదుటే ఎమెతెరియో ఫోను చేసినప్పటి మాటలు గట్టిగా పెట్టించింది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని యంత్రం స్పానిష్‌లో చెప్పింది. పెద్దాయన తమ ఊరి భాష గ్వరానీలో అందుకున్నాడు.

"బాగున్నావా అమ్మా? మీ అమ్మ మోకాలు ఎట్లా ఉంది?"

అవతల ఉన్నది బసీలియానే అనుకుని బదులు కోసం ఆగాడు. అవతలి మనిషి పలక్కుండా తన అవసరం చెప్పుకోవడం, గేటు దగ్గర చప్పట్లు కొట్టి పిలవకుండా ఇంట్లో జొరబడినంత మోటు ఆ ఊళ్ళో. ఇరవై సెకన్లకి యంత్రం ఫోను పెట్టేసింది. ఆయన ఏడుసార్లు చేశాడు. ఏడోసారి గొంతు తగ్గింది.

"నామీద కోపమొచ్చిందా తల్లీ? ఏమన్నా తప్పు చేశానా?"

ఒవీదియో కాగితాలు సర్దుకున్నాడు. "మెల్లగా నేర్చుకుంటారులే అక్కా. కంపెనీతో మూడేళ్ళకి సంతకం పెట్టేశాం."

"ముప్పై ఏళ్ళు నీ మిల్లుకి ఆకు పోసిన మనిషి తప్పు చేశానా అని అడుగుతున్నాడు. నేర్చుకోవాల్సింది ఆయనా?"

"వ్యాపారమక్కా ఇది."

"నన్ను అక్కా అనకు," అంది బసీలియా. చేతిలో ఉన్న చీటీల కట్ట అతని బల్లమీద విసిరికొట్టి బయటికొచ్చేసింది. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ఎమెతెరియో ఇంటికెళ్ళి, అన్నాళ్ళూ పలకనిది తాను కాదని చెప్పింది. ఆయన నమ్మడానికి కాసేపు పట్టింది. నమ్మాక, మరి ఎవరు పలకలేదని అడిగాడు. తిరుగు బస్సులో దారిపొడుగునా పళ్ళు నూరుకుంటూనే ఉంది.

ఇప్పుడు బసీలియా పక్క ఊరి చిన్న మిల్లులో ఫోను ఎత్తుతుంది. జీతం పాతదానికన్నా తక్కువ. ఎమెతెరియోతో పాటు ఇరవై ఇద్దరు రైతులు ఆకు అక్కడికే తోలుతున్నారు.