మొయినోక్ వాటా

మా తోడికోడలు జూరాకాన్ చేతిలో కత్తి చూస్తే మా కుక్కలకు కాళ్ళు నిలవవు. గొర్రెను కోసేది మగవాళ్ళు, లోపలి సరుకు చూసుకునేది ఆడవాళ్ళు. సోంకుల్ సరస్సు పక్కన మేమంతా వేసవి గుడారాలు వేసుకునే ఈ మేత నేలల్లో, ఆ పనిలో ఆవిడను మించిన మనిషి లేదు. ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు, అయినా ఒప్పుకుంటున్నాను.

గొర్రె బోటిని మేం వాగులో తెల్లబడేదాకా కడుగుతాం. చిరగని దాన్ని ఆరబెట్టి, అందులో వెన్న కూరి చలికాలానికి దాస్తాం. జూరాకాన్‌ది వేరే దారి. బోటిని అడ్డంగా కోసి, కడగకుండా, పచ్చగా గడ్డిపిప్పి కారుతుండగానే కుక్కలకు విసిరేసేది. ఆ కంపుకు నేను ముక్కు మూసుకునేదాన్ని.

“అక్కా, ఉన్న బోటంతా కుక్కల పాలు చేస్తే వెన్న ఎందులో పెట్టను, నీ నెత్తినా?” అని అరిచేదాన్ని.

“తోడేలొస్తే నీ వెన్న మొరుగుతుందేంటే? ఈ గడ్డిరసంలోనే ఉంది బలమంతా. పో, వెళ్ళి టీ పెట్టు” అనేది.

ఆవిడ పట్టుదలకు కారణం లేకపోలేదు. కొత్తకోడలిగా వచ్చిన ఏడాది తోడేళ్ళు మంద మీద పడితే, బక్కచిక్కిన కుక్కలు గుడారం వెనక నక్కి కూర్చున్నాయట. మా బావగారు పోయాక ఒక్కతే మందను కాపాడుకుంది, కొడుకు ఎర్మెక్‌ను పెంచింది, వాడికి పెళ్ళి చేసింది. ఇదంతా కుక్కల పుణ్యమేనని ఆవిడ నమ్మకం.

ఒక్కోసారి గొర్రె కార్జం మీద, ఊపిరితిత్తుల మీద నీటి బుడగలు కనిపిస్తాయి. ఆ ముక్క మనిషి నోట్లోకి పోనిచ్చేది కాదు జూరాకాన్. బుడగ చితక్కుండా చుట్టూ గీసి, ఒడుపుగా తీసి, మొయినోక్‌కు వేసేది. మొయినోక్ మా మందకు పెద్ద కాపలా కుక్క, మెడంతా తెల్లగా ఉంటుంది. ఎర్మెక్ కూతురు బెగిమాయ్‌కు అదే తలగడ, అదే గుర్రం. చెడ్డ ముక్క పిల్లలు తినకూడదని కుక్కకు వేయడం మా అమ్మల నాటినుంచీ ఉన్నదే. మేం దాన్ని జాగ్రత్త అనుకున్నాం.

వసంతంలో పశువుల డాక్టరొకడు వచ్చాడు. కుర్రవాడు, పలచటి మనిషి. “అమ్మా, బోటి వేస్తే వేశారు, ఆ బుడగలున్న కార్జం మాత్రం వేయకండి. దాంతో కుక్క కడుపులో పురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు బొచ్చుకు అంటుకుంటాయి. పిల్లలు కుక్కను పట్టుకుని ఆ చేతులే నోట్లో పెట్టుకుంటే, ఇవే బుడగలు వాళ్ళ కార్జంలో లేస్తాయి” అన్నాడు. జూరాకాన్ అతని చేతికి పులిసిన గుర్రప్పాల గిన్నె ఇచ్చి, “నీ ఒంట్లో పిడికెడు కండ లేదు, ముందు నువ్వు తాగు నాయనా” అంది. అందరం నవ్వాం. పాపం, అతనూ నవ్వి వెళ్ళిపోయాడు.

గడ్డి ఏపుగా పెరిగిన రోజుల్లో బెగిమాయ్ కుడి డొక్క పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఆటలు మానేసింది. ముఖం పాలిపోయింది. జూరాకాన్ కోడలు చోల్పోన్ పిల్లను తీసుకుని నారిన్ పట్నంలో ఆసుపత్రికి వెళ్ళింది. ఇక అప్పటినుంచి జూరాకాన్ మనిషి మనిషిలా లేదు. గుర్రం పాలు పితుకుతూ మధ్యలో చెయ్యి ఆపేసేది.

“ఏమే, ఆ బుడగ మెత్తగానే ఉంటుంది కదా? లోపల ఉంటే నొప్పెడుతుందంటావా?”

“ఏ బుడగ? పిల్ల పచ్చిపాలు ఎక్కువ తాగుంటుంది. నోటికొచ్చినట్టు మాట్లాడకు.”

“పోయినేడు కోసిన నల్లగొర్రెకు గంపెడున్నాయే. అన్నీ మొయినోక్‌కే వేశాను. పిల్ల పక్కనే కూర్చుని చూస్తోంది.”

“నోర్ముయ్యవే తల్లీ!” అన్నాను. నాకు భయం వేస్తే ముందు కోపమొస్తుంది.

జూరాకాన్ మొయినోక్‌ను దూరంగా మేకుకు కట్టేసింది. పిల్ల దుప్పట్లు, పరుపు, చొక్కాలు అన్నీ వాగుకు మోసుకెళ్ళి బాదింది. చేతులు సబ్బుతో తోమీ తోమీ ఎర్రగా చేసుకుంది. ఇప్పుడు కడిగి లాభమేంటనుకుంటూనే నేనూ ఓ దుప్పటి అందుకుని పిండాను.

మాకు ఫోను అందేది కొండ మీదే. మర్నాడు ఎర్మెక్ గుర్రమెక్కి పైకి వెళ్ళొచ్చాడు. దిగుతూనే, “కార్జంలో బుడగ ఉందంట. పెద్దదే. పొట్ట కోసి తీయాలంట” అన్నాడు. అంటూనే గుడారంలో దూరి తుపాకీ తీశాడు. మేం తేరుకునేలోపు మేకు దగ్గరకు నడిచాడు.

జూరాకాన్ ఆ వయసులో అంత పరుగు ఎలా తీసిందో! కుక్కకు అడ్డంగా నిలబడింది.

“తప్పుకో అమ్మా.”

“అది వెతుక్కుని తిందిట్రా? నేను వేస్తే తింది. నీ కూతురి కడుపులో ఉన్నది నా చేత్తో వేసిందే. కాల్చాలనుంటే ఇటు కాల్చు!”

ఎర్మెక్ తుపాకీ గడ్డిలో పడేసి, తల్లి ముఖం చూడకుండా మంద వైపు వెళ్ళిపోయాడు. వెనక నుంచి మొయినోక్ ఆవిడ వేళ్ళు నాకబోయింది. ఆవిడ చేతులు రెండూ చంకల్లో దాచేసుకుంది.

“అక్కా, పద, నారిన్ వెళ్దాం. కోసే ముందు పిల్లను చూడాలి కదా.”

“ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? చోల్పోన్ నన్ను గుమ్మం తొక్కనిస్తుందా? నేను రానే. అడక్కు.”

సాయంత్రం బలవంతాన కొండ మీదికి తీసుకెళ్ళాను. పిల్ల గొంతైనా వినమని ఫోను స్పీకర్లో పెట్టి ఇచ్చాను. చోల్పోన్ ఫోనెత్తి, అత్తగారని తెలియగానే పిల్ల చేతికిచ్చింది.

“నాయనమ్మా! నా కార్జంలో నీళ్ళబుడగ వచ్చిందంట, మన గొర్రెలకొచ్చినట్టే. ఇక్కడ ఎవరో డాక్టరు కోస్తాడంట. నాకు భయంగా ఉంది, నాయనమ్మా. ఆయనకు రాదేమో. నువ్వైతే చితక్కుండా తీస్తావు కదా? నువ్వొచ్చి తియ్యి.”

జూరాకాన్ ఖాళీగా ఉన్న చేతిని కళ్ళ ముందుకు తెచ్చి చూసుకుంది. 

“నాయనమ్మా, వింటున్నావా? నువ్వైతే నేను ఏడవను. ఎప్పుడొస్తావు?”

ఆవిడ చేతిలోంచి నేను ఫోను లాక్కుని, “రేపు పొద్దున్నే బయల్దేరుతున్నామమ్మా, మీ నాయనమ్మా నేనూ” అని చెప్పాను.