పురుటింటి గడప

కొత్తవాడలో రాజవ్వ నోటికి జడవనివాళ్లు లేరు. జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టి, అదే పని చేసే ఇంటికి కోడలై, పెనిమిటి పోయాక యేసుప్రభువును నమ్ముకుంది. కులపువాళ్లు మాట్లాడటం మానేస్తే తనూ మానేసింది. పక్కింటి కట్టమ్మ ఒక్కతే ఆ వెలిని లెక్కచెయ్యకుండా దొడ్డిదారిన వచ్చి కూరగిన్నె ఇచ్చిపోయేది.

"దేవుడెవరైతే ఏంది వదినె, తినకుంటే మగ్గం మీద చెయ్యి ఆడుతదా" అనేది.

కట్టమ్మను ఒక్కసారైనా చర్చికి తేవాలని రాజవ్వ పట్టుదల. ప్రతి క్రిస్మస్‌కూ పిలిచేది. కట్టమ్మ ప్రతిసారీ నవ్వి తప్పించుకునేది.

డెబ్బై ఎనిమిది క్రిస్మస్‌కు మాత్రం పిలవకుండానే వచ్చింది. కూతురు సరోజన కాన్పు కష్టమైనప్పుడు కట్టమ్మ గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కింది. అందులో రాజవ్వ దేవుడూ ఉన్నాడు. తల్లీపిల్లా బతికి బయటపడ్డారు. ఇంకా పురుటి స్నానమైనా కాకముందే, పండుగ పొద్దున కట్టమ్మ తలకు పోసుకుని, కొబ్బరికాయ పట్టుకుని చర్చి గుమ్మంలో నిలబడింది.

లోపల రాజవ్వ తాను నేసి ఇచ్చిన కొత్త జంపఖానా పరుస్తోంది. కట్టమ్మను చూసి సంతోషించాల్సింది పోయి, గడప దగ్గరికి ఉరికొచ్చింది.

"పురుటింట్లకెల్లి అట్లనే వస్తివా? మైల ఎల్లినంక రా. నలుగురు కూసునే జాగ."

కట్టమ్మ తప్పు చేసినదానిలా వెనక్కి జరిగింది. "నిజమే వదినె, సంతోషంల సోయి లేకపాయె" అని వెళ్లిపోయింది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. రాజవ్వ బాప్తిస్మం నీళ్లలో ఎన్నో వదిలింది గాని, ఈ మైలను మాత్రం కొంగున కట్టుకునే తెచ్చుకుంది.

ఆ రోజు పాస్టరు ఎక్కువసేపు చెప్పలేదు.

"దేవుడు తలుచుకుంటే ఆకాశంల నుంచి పెద్దమనిషి లెక్క దిగొచ్చేటోడు. దిగలే. మన లెక్కనే తల్లి కడుపుల ఉండి, బొడ్డుతాడుతోటి పుట్టిండు. గొర్లకాపరులు ఆ రాత్రే పోయి చూసిండ్రు. మరియమ్మ వాళ్లను బయట నిలబెట్టలే."

రాజవ్వకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ పశువుల పాక కూడా పురుటిల్లే కదా. ఆ రాత్రి తానే అక్కడ ఉంటే, మైల పోయాక రండని కాపరులను వాకిట్లోంచే మళ్లించి ఉండేది. దేవుడు దిగివచ్చిందే ఆ మైలలోకి అయితే, తాను ఎవరిని ఎవరింట్లోంచి వెళ్లగొట్టినట్టు? కళ్లెత్తి సిలువ వైపు చూడలేకపోయింది.

ప్రార్థన కాగానే కట్టమ్మ ఇంటికి నడిచింది. చెప్పులు విడిచి గడప ఎక్కబోయింది. కట్టమ్మ గబగబా వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ ముఖంలో కోపమేమీ లేదు.

"లోపటికి రాకు వదినె. కొత్తచీర కట్టినవు. పండుగ పూట నీకు మైల అంటుతది."

తిట్టినా బాగుండునని రాజవ్వకు అనిపించింది.

"రానియ్యి కట్టమ్మా" అంది. "జర పిలగాన్ని చూడనియ్యి. మైల నీ ఇంట్ల లేదు, నా కాడ ఉన్నది."

కట్టమ్మకు ఆ మాట అర్థం కాలేదు. అయినా పక్కకు జరిగింది.

ఆ తర్వాత వాడలో ఎవరింట కాన్పయినా పురుటి బట్టలు ఉతకడానికి రాజవ్వే ముందు పోయేది. పుణ్యాత్మురాలివని ఎవరైనా అంటే కసిరేది. కట్టమ్మ మాత్రం చర్చి వైపు మళ్లీ రాలేదు. రమ్మనడానికి రాజవ్వకూ ముఖం చెల్లలేదు.