రంగు సరిచూడబడినది

2022 నవంబరులో నేను తెనాలిలో విత్తన ధ్రువీకరణ అధికారిని. పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలున్నాయి. రేపల్లె వైపు వరి విత్తన క్షేత్రాల తనిఖీ నా పని. నా నివేదికలు పరిశీలించి తుది నిర్ణయం తీసుకునే పై అధికారి బాపట్లలో ఉండేవారు.

విత్తనం కోసం వరి పండించే రైతు ముందుగా పొలాన్ని నమోదు చేయించుకోవాలి. పూత దశలో ఒకసారి, కోతకు ముందు ఒకసారి మేము చేలోకి దిగి, వేరే రకపు మొక్కలు ఎన్ని కలిశాయో లెక్కిస్తాము. వాటిని కేళీలంటారు. అవి హద్దులో ఉంటే పంట విత్తనమవుతుంది, మించితే మామూలు ధాన్యంగా మిల్లుకు పోతుంది. కేళీని పట్టించే గుర్తులలో గింజ కొన రంగు ఒకటి. నేను చెప్పబోయే రకానికి కొన గడ్డి రంగులో ఉండాలి. ఎర్రగా ఉంటే అది పరాయి మొక్క.

లెక్కతోపాటు వరి వెన్నులను, అంటే కంకులను, దగ్గరగా తీసిన ఫోటోలూ పంపాలి. పద్దెనిమిదేళ్లు నా సొంత డీఎస్ఎల్ఆర్ కెమెరాతోనే తీశాను. అందులో ఒక అద్దం ఉంటుంది. లెన్స్ గుండా వచ్చిన వెలుగును అది కంటికి మళ్లిస్తుంది, కాబట్టి కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లో కనిపించేది సాక్షాత్తు ఆ వెన్నే. ఫోటో తీశాక వెనుక తెర మీది బొమ్మను వ్యూఫైండర్‌లోని వెన్నుతో పోల్చేవాణ్ణి. రంగులో తేడా ఉంటే, తెలుపును తెలుపుగా చూపే వైట్ బ్యాలెన్స్ అమరికను సరిదిద్ది మళ్లీ తీసేవాణ్ణి. రెండూ కలిసిన తరువాతే నివేదికలో ‘రంగు సరిచూడబడినది’ అని రాసేవాణ్ణి. ఆ వాక్యం రాయమని ఏ నియమమూ లేదు. అది నేను పెట్టుకున్న పద్ధతి.

ఆ ఏడు శాఖ అందరికీ చిన్న మిర్రర్‌లెస్ కెమెరాలు ఇచ్చింది. ఇకపై తనిఖీ ఫోటోలన్నీ వాటితోనే తీయాలని ఉత్తర్వు వచ్చింది. ‘దీనివలన కచ్చితత్వం పెరుగును’ అని అందులో ఒక వాక్యం ఉంది. ఎవరు కొలిచారు, దేనితో పోల్చి కొలిచారు అని రాతపూర్వకంగా అడిగాను. జవాబు రాలేదు. తెనాలిలో కెమెరా అప్పగించిన దుకాణదారు బంతిపూల దండను ఫోటో తీసి చూపిస్తూ, “ఇందులో మీకు ఏది కనపడితే అదే ఫోటో వస్తుందండి సార్, తేడా అనేదే ఉండదు” అన్నాడు. అమ్మేవాడి మాట అని కొట్టిపారేశాను. అతను చెప్పింది అక్షరాలా నిజం. ఆ నిజానికి అర్థమేమిటో నేను ఆలోచించలేదు.

రేపల్లెకు అవతల, కాలువ చివరి భూముల్లో సీతారావమ్మ గారు మూడెకరాలు కౌలుకు చేసేవారు. కేళీలు ఏరే కూలీల వెనుక తాను మళ్లీ సాలు సాలూ తిరిగే మనిషి. కోతకు ముందు తనిఖీ రోజున, “కేళీ దొరికితే నా చెవి కోసిస్తాను సార్” అన్నారు. దొరికాయి, కాని హద్దుకు చాలా లోపలే. ఆవిడ చెవి జోలికి పోనని చెప్పి, లెక్క రాసుకుని, సాయంత్రం అయిదు గంటల ఎండలో కొత్త కెమెరాతో ఫోటోలు తీశాను. వ్యూఫైండర్‌లో బొమ్మ, వెనుక తెర మీద బొమ్మ మొదటిసారే కలిశాయి. ఏ రంగులో కలిశాయో చూడకుండానే సంతోషించి, అలవాటు ప్రకారం ఆ వాక్యం రాశాను.

నాలుగు రోజులకు బాపట్ల నుంచి తిరస్కరణ వచ్చింది. ఫోటోలలో దాదాపు ప్రతి గింజ కొనా ఎర్రగా ఉన్నదట, కనుక నా లెక్క నమ్మదగినది కాదట. ఫోన్ చేశాను. పై అధికారి నాకంటే పదేళ్లు చిన్నవారు, మర్యాదస్తులు. ఆ మర్యాదతోనే, “రంగు సరిచూశానని రాసింది మీరే కదండీ. సంతకమూ మీదే” అన్నారు.

నా ఆగ్రహానికి కారణం తిరస్కరణ ఒక్కటే కాదు. గింజ గట్టిపడే దశకు వచ్చేసరికి నిజమైన ఎర్ర కొన కూడా వెలిసిపోతుంది. ఆ దశలో చేనంతా కొనలు కుంకుమలా మెరుస్తున్న ఫోటో కనబడితే, ఈ శాస్త్రం చదివినవారు ముందు ఫోటోను అనుమానించాలి. ఆయనా అదే శాస్త్రం చదివారు. పొలం గంటన్నర దూరంలో ఉంది. పెద్ద తెర ఎదురుగా ఉంది. ఆయన తెరను నమ్మారు.

మర్నాడే సీతారావమ్మ గారు బస్సెక్కి తెనాలి ఆఫీసుకు వచ్చారు. తిరస్కరణ కాగితం బల్ల మీద పెట్టి, “మా పెళ్లి ఆల్బంలో నేను దబ్బపండులా ఉంటాను సార్. అది చూసి మా వాళ్లెవరూ నన్ను దబ్బపండనుకోలేదు. మీ ఆఫీసులో అనుకుంటారేంటి?” అన్నారు. నవ్వలేకపోయాను. ఆవిడ అడగవలసింది తరువాత అడిగారు. వాయుగుండమంటున్నారు, కోత మిషన్‌కు చెప్పి ఉంది. కోసేస్తే విత్తనం కాదు, ఆపితే వాన. నిలిచి ఉన్న పంటకే మళ్లీ తనిఖీ జరుగుతుందన్నది నియమం. ఆపమని చెప్పాను. చెప్పింది నేనే.

ఆ సాయంత్రమే చేలోకి వెళ్లి, అదే ఎండలో, ఒకే వెన్నును తెల్లకాగితం మీద పెట్టి రెండు కెమెరాలతోనూ తీశాను. కొత్తదానిలో లోపం నిరూపించాలన్నదే నా ఉద్దేశం. దాని ఫోటోలో కొన ఎర్రగానే వచ్చింది. అమరికలు తెరిచి చూస్తే, రంగులను దట్టం చేసి చూపే అమరిక, దుకాణంలో బంతిపూల కోసం పెట్టినదే కాబోలు, ఎంచుకుని ఉంది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంది. దట్టపు అమరిక తీసేసి, తెల్లకాగితంతో తెలుపు సరిచేసి తీస్తే అదే కెమెరా గడ్డి రంగును ఉన్నదున్నట్టు చూపింది. నా పాత కెమెరాను ఆటోలో ఉంచి తీస్తే, ఆ ఎండకు అదీ కొంత ఎరుపు కలిపింది. కొత్తదానిలో లోపమేమీ లేదు.

అప్పుడు తెలిసింది నేను చేసినదేమిటో. మిర్రర్‌లెస్‌లో అద్దం ఉండదు. సెన్సర్ మీద పడిన వెలుగును కెమెరా లెక్కగట్టి, ఆ బొమ్మనే వ్యూఫైండర్‌లోనూ చూపుతుంది, వెనుక తెర మీదా చూపుతుంది. రెండూ కలవక ఏం చేస్తాయి? పాత పద్ధతిలో వస్తువును బొమ్మతో పోల్చాను. కొత్తదానిలో బొమ్మను బొమ్మతో పోల్చి, సరిచూశానని సంతకం పెట్టాను. కెమెరా నుంచి కన్ను తీసి చేతిలోని వెన్నును ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది.

మర్నాడు వెన్నులను కాగితపు కవరులో పెట్టుకుని, నా నివేదికలోని ఆ వాక్యం తప్పని రాసిన ఉత్తరంతో బాపట్ల వెళ్లాను. పై అధికారి చదివి, ఇది నా సర్వీసు ఫైలులోకి ఎక్కుతుందని హెచ్చరించారు. వెన్నుల కవరు తెరవలేదు. “రిటైరయ్యే ముందు ఒక్క రైతు కోసం ఇదంతా ఎందుకండీ?” అన్నారు. నా ఉద్యోగంలో నేను విన్న అన్యాయపు మాటలన్నిటిలో అదే పెద్దది, ఎందుకంటే అది నా మేలు కోరి అన్నది. ఫైలులో పెట్టమన్నాను. చేలోకి రమ్మన్నాను.

ఆయన మూడో రోజున వచ్చారు. అంతవరకు వాహనం దొరకలేదట. వాన రెండో రోజు రాత్రే వచ్చింది. పల్లపు సగం చేను పడిపోయి నీటిలో నానుతోంది. ఆయన గట్టు మీద నిలబడి ఒక వెన్నును అరచేతిలో వేసుకుని చూశారు. అర నిమిషం పట్టి ఉంటుంది. “గడ్డి రంగేనండి” అన్నారు. సీతారావమ్మ గారు నా వైపు తిరిగి, “పడిన చేను సంగతేంటి సార్?” అని మాత్రం అడిగారు.

నిలిచిన భాగం ఆమోదం పొందింది. పడిన ఎకరన్నరలో గింజ మొలకెత్తడంతో అది విత్తనానికి పనికిరాలేదు. ఉత్తర్వులో నష్టానికి కారణం ‘వర్షము’ అని రాశారు. ఫోటోను, జాప్యాన్ని, నా తప్పుడు వాక్యాన్ని కూడా చేర్చమని రెండుసార్లు రాశాను. చేర్చలేదు. సంజాయిషీ కోరుతూ నాకు ఇచ్చిన మెమో మాత్రం న్యాయమైనది. దానికి జవాబుగా తప్పు ఒప్పుకున్నాను.

ఆ కెమెరాను చివరి రోజు దాకా వాడాను. తేలిక, స్పష్టత రెండూ ఉన్న మంచి పరికరం. ఒక పరికరం చెప్పినదాన్ని అదే పరికరంతో పోల్చడం తనిఖీ అనిపించుకోదు. పరికరం మారినప్పుడు, మన పాత పద్ధతి ఏ కారణం మీద నిలబడిందో ఆ కారణం ఇంకా ఉన్నదో లేదో మొదట చూడాలి. నేను చూడలేదు. బాపట్లలో వారూ చూడలేదు. మా ఇద్దరి జీతాలూ ఆ నెల యథాప్రకారం వచ్చాయి.