పిడికెడు బియ్యం పెట్టిన తగువు

మా అమ్మ పిడికిలి పెద్దది. మా నాయనమ్మ పిడికిలి కూడా చిన్నదేమీ కాదు గానీ, బియ్యం డబ్బాలోకి వెళ్లేసరికి ఎందుకో ముడుచుకుపోయేది. మా ఇంట్లో సగం పోట్లాటలకి ఈ రెండు పిడికిళ్లే మూలం.

సంగతేమిటంటే, కాట్రేనికోన దాటి సముద్రం వైపు పోతే వచ్చే మా పేటలో అందరం గుడికెళ్లేవాళ్లం. గుడి అంటే చర్చి, మేం అలాగే అనేవాళ్లం. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న ముంతలో వేయాలి. అది దేవుడి వాటా. ఆదివారం ఇంటింటి ముంతా గుడికి తెచ్చి గంపలో కుమ్మరిస్తే, ఆరాధన అయ్యాక అయ్యగారు, అంటే పాస్టరుగారు, వేలం పాడించేవారు. పాడుకున్నవాళ్లకి బియ్యం, గుడికి డబ్బు. మా తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి.

నాయనమ్మ డబ్బాలో చెయ్యి పెట్టి, ముందు పిడికిలి మూసి, ఆ తర్వాత పైకి తీసేది. అలా తీస్తే ఏముంటాయి? వేళ్ల సందుల్లో ఇరుక్కున్న గింజలు. అత్తయ్యగారిది పిడికెడు కాదు, చిటికెడు అని అమ్మ గోడకి చెప్పేది. దేవుడు నీలాగ గింజలు ఏరుకునే మనిషి కాడే అని నాయనమ్మ కూడా ఆ గోడకే చెప్పేది. పాపం ఆ గోడ మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మాటలు పడింది.

మా నాన్న సంగతి వేరు. నోట్లో నాలుక లేని మనిషి. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ 'లేదు', 'కాదు' అని చెప్పి ఎరగడు. చెప్పులో ముల్లు గుచ్చుకున్నా, ముల్లుకి నొప్పెడుతుందేమోనని మెల్లిగా నడిచే రకం. ఇది బాగా గుర్తుంచుకోండి, తర్వాత మా కొంప ముంచింది ఈ మంచితనమే.

నేను చాలా చిన్నప్పుడు, డెబ్బైల్లో, ఒక తుఫాను వచ్చింది. ఇళ్లలో బియ్యం తడిసి ముక్కిపోయాయి, రోడ్డు నీళ్ల కిందకి పోయింది, ఇటు మనిషి అటు వెళ్లే దారి లేదు. ఊరంతా కూలిన కొబ్బరిచెట్లే. పొద్దున్న కొబ్బరి, మధ్యాహ్నం కొబ్బరి, సాయంత్రం మార్పు కోసం మళ్లీ కొబ్బరి. పిల్లలందరికీ కడుపులో నొప్పులు. ఇప్పటికీ ఎవరైనా నా ముందు కొబ్బరిపచ్చడిని మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ రోజులు అమ్మ మర్చిపోలేదు. ప్రతి ఆదివారం గంపెడు బియ్యం మన చేతుల్లోంచే పోతున్నాయి, తుఫాను వచ్చిన వారం మాత్రం పసిపిల్లకి పెట్టడానికి గుప్పెడు లేకపోయాయి అని ఆవిడ బాధ. వేలం ఆపేసి ఆ బియ్యం దాచాలని, గాలివాన వచ్చినప్పుడు ఆ దాచినవే తినాలని ఆవిడ పట్టు. నేను ఆరో తరగతికి వచ్చేసరికి ఆ పట్టు ముదిరి పిచ్చిలోకి దిగింది. అప్పుడే గుంటూరు వైపు నుంచి మాకు కొత్త అయ్యగారు వచ్చారు.

ఆయన మంచివారే. ఆయన బాధల్లా గుడి పెంకుల గురించి. వాన వస్తే ప్రసంగం మధ్యలో పుల్పిట్ బల్ల మీద గిన్నె పెట్టుకోవాల్సి వచ్చేది. వేలం ఆపితే పెంకులు ఎలా మార్పించాలి అని సంఘాన్ని కూర్చోబెట్టి అడిగారు. వేలం సాగనిద్దామా అన్నారు. ఆయ్ అన్నారందరూ. ఆయన మొహం వెలిగిపోయింది. అప్పుడు అమ్మ లేచి, బియ్యం దాచుకుందామా అంది. మళ్లీ అందరూ ఆయ్. ఆయన మొహం ఆరిపోయింది.

అయ్యగారికి తెలియనిదేమిటంటే, మా వైపు ఆయ్ అంటే మీరు చెప్పింది వినబడిందండీ అని. ఒప్పుకున్నట్టు కాదు, కాదన్నట్టూ కాదు. ఎదుటి మనిషి మాట కింద పడిపోకుండా పట్టుకోవడం, అంతే. ఆ శనివారం అమ్మ ఇంటింటికీ తిరిగింది. ఆదివారం గంప ముందు అయ్యగారు నిలబడి వేలంపాట మొదలుపెట్టమంటే అందరూ ఎంతో మర్యాదగా ఆయ్ అన్నారు, ఒక్కరూ పాట పాడలేదు. ఒకటోసారి అన్నారాయన. ఆయ్. రెండోసారి. ఆయ్. మూడోసారి అనడానికి ఆయనకి మనసు రాలేదు.

అలా బియ్యం అమ్మ చేతికి వచ్చాయి. పేటలో డాబా ఇల్లు ఒక్క అయ్యగారిదే, కాబట్టి బియ్యం పోసిన బానలు ఆయన వంటింటి అటక మీదకే ఎక్కాయి. వేపాకు, ఎండుమిరపకాయలు వేసి, పైన మూకుడు బోర్లించి, చుట్టూ బంకమట్టి మెత్తింది అమ్మ. ఇక తుఫానుని రమ్మను అన్నట్టు సముద్రం కేసి చూసింది.

ఆ ఏడు తుఫాను రాలేదు. కార్తీకమాసం అంతా ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. రేడియోలో వాయుగుండం అన్న మాట వినబడగానే అమ్మ చెవులు రిక్కించేది, అది కాస్తా ఒరిస్సా వైపు తిరిగిపోయిందనగానే మొహం ముడుచుకునేది. ఎవరింట్లోనైనా వాయుగుండం తిరిగిపోతే ఏడ్చేవాళ్లున్నారా? మా ఇంట్లో ఉన్నారు. ప్రార్థనలో ఏమడుగుతున్నావో కాస్త జాగ్రత్త అని నాన్న నవ్వేవాడు.

తుఫానుకి బదులు ముక్కుపురుగులు వచ్చాయి. అటక దిగి, గోడ వెంబడి నడిచి, అయ్యగారి భార్య దాచుకున్న రవ్వ డబ్బాలో కాపురం పెట్టాయి. ఆవిడ రెండు మాటలు అన్నారు. నాయనమ్మ అయితే పేటంతా తిరిగి, మా కోడలు దేవుడి బియ్యం పురుగులకి మేపుతోందని చెప్పుకొచ్చింది. జనం నవ్వారు. ఇంకోసారి ఇలా జరిగితే వేలం మళ్లీ పెడదాం అన్నారు అయ్యగారు. అమ్మ తల ఎత్తుకుని తిరగలేకపోయింది. ఆ వారం రోజులూ ఇంట్లో గిన్నెలు మామూలు కంటే గట్టిగా చప్పుడు చేశాయి.

కానీ మా అమ్మ ఊరుకునే మనిషి కాదు. బియ్యం దించి నా చేత ఎండబోయించి, జల్లించి, చెరిగించింది. నా అరచేతులు కాయలు కాచాయి. ఆ తర్వాత ఒక మాట వదిలింది: పాతబియ్యం వండితే రెండింతలు ఉబ్బుతాయి, కావలసినవాళ్లు కొత్తబియ్యం ఇచ్చి అంతకంత పాతవి పట్టుకెళ్లొచ్చు. చూడండి అప్పుడు! మొన్నటిదాకా నవ్వినవాళ్లు గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. మొదట నిలబడింది ఎవరనుకుంటున్నారు? మా నాయనమ్మ. అప్పటినుంచీ కోతలు కాగానే పాతవి ఇవ్వడం, కొత్తవి పోయించుకోవడం ఒక ఆచారం అయిపోయింది. పురుగులకి అయ్యగారి ఇల్లు ఖాళీ చేయక తప్పలేదు.

మరుసటేడు కార్తీకంలో గాలి తిరగలేదు. తిన్నగా మా మీదకే వచ్చింది. పేటంతా అయ్యగారి డాబాలో, దాని వరండాలో దూరాం. సముద్రపు రేవు దగ్గర వలలు కట్టుకునేవాళ్లు కూడా పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చేశారు. వాళ్లు మన గుడివాళ్లు కాదు కదా అన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. తట్టినా, అమ్మ చేతిలో గరిటె చూసి మింగేసి ఉంటారు. గాలి తగ్గాక బయటికి చూస్తే కోతకొచ్చిన చేలు నీళ్ల కింద పడుకుని ఉన్నాయి. గుడి పెంకులు ఒక్కటి లేదు. వేలం డబ్బుతో కొత్తవి వేయించి ఉంటే అవీ ఎగిరిపోయేవి అని అమ్మ అయ్యగారికి వినబడేలా అంది. ఆయన ఆయ్ అన్నారు. ఆయనకి అప్పటికి మా భాష పట్టుబడింది.

ఎండు పుల్ల దొరకలేదు. గుడిలో విరిగిన బల్లలు అయ్యగారే తెచ్చి పొయ్యిలో పెట్టారు. బానలు దిగాయి. అసలు తమాషా అక్కడ మొదలైంది. ఒక ఇంటివి దొడ్డుబియ్యం, ఒక ఇంటివి ఉప్పుడుబియ్యం, ఒకరివి రేషను, ఒకరివి పాతవి, ఇంకొకరివి నిన్నటి కొత్తవి. అన్నీ ఒక్క డేగిసాలో పోస్తే ఏమవుతుంది? సగం జావ, సగం రాయి. ఒకే ముద్దకి నాలుకా కాలేది, పళ్లూ విరిగేవి. ఎవరి బియ్యం ఉడకలేదో ఎవరికి వాళ్లకి తెలుసు, ఎవరూ చెప్పరు. మూడో పూటకి అమ్మ విసిగిపోయి అన్నం మానేసి గంజి కాచింది. అందరం బతికిపోయాం. నిజం చెప్పొద్దూ, ఆ గంజి అంత రుచి నేను మళ్లీ ఎరగను.

అయితే తినే నోళ్లు అనుకున్నదానికి రెట్టింపయ్యాయి. ఆదివారం నాటికి ఆఖరి బాన అడుగు కనబడుతోంది. రాత్రికి గంజి కాస్తే బియ్యం అయిపోతాయని అమ్మకి ఒక్కదానికే తెలుసు, చెబితే జనం బెంబేలెత్తుతారని చెప్పలేదు. ఎవరో ఒకరు పడవ మీద రావాలి, బియ్యం తేవాలి, అంతే దారి. అయినా ఆదివారం ఆదివారమే కదా. తల దువ్వుకోని వాళ్లకి గంజి పొయ్యనని చెప్పింది. ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, వరండాలో కూర్చుని పాటలు పాడాం.

సరిగ్గా అప్పుడే పడవ వచ్చింది. తాలూకా ఆఫీసు నుంచి ఒక ఉద్యోగి, ఇద్దరు బంట్రోతులు, పడవ నిండా బస్తాలు. నాన్న, ఇంకొందరు పెద్దలు మోకాలి లోతు నీళ్లలో ఎదురెళ్లారు. అమ్మ దొడ్లో పొయ్యి దగ్గరుంది. ఆ ఉద్యోగి చల్లటి మనిషి. పొయ్యి పొగ చూశాడు, దువ్విన తలలు చూశాడు, చిరునవ్వు నవ్వాడు.

"భోజనాలయ్యాయా?" అని అడిగాడు.

మా వైపు మనిషికి మనిషి ఎదురైతే అడిగే మొదటి మాట అదే, దానికి జవాబూ ఒక్కటే. పస్తున్నా సరే అయ్యిందనాలి. అవ్వలేదంటే అవతలివాళ్లని పెట్టమని చెయ్యి చాచినట్టు. మా నాన్న చేతులు కట్టుకున్నాడు.

"ఆయ్. అయిపోయేయండి. తమరు దయచెయ్యండి, గంజి చుక్క పుచ్చుకుందురుగాని."

వెనక ఉన్నవాళ్లందరూ ఆయ్ అన్నారు. ఒకాయన పరిగెత్తుకెళ్లి గ్లాసుతో గంజి కూడా తెచ్చాడు. ఆ ఉద్యోగి తాగి, బాగుందన్నాడు. ఇక్కడ ఫర్వాలేదు, తిండి లేనివాళ్ల దగ్గరికి పోదాం పదమని పడవ నడిపే సరంగుతో చెప్పాడు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. అడిగాడు, చెప్పాం, వెళ్లిపోయాడు. గరిటెతో అమ్మ పరిగెత్తుకొచ్చేసరికి పడవ మడ చెట్ల మలుపు తిరుగుతోంది.

ఏం జరిగిందో నాన్న చెప్పాడు. లేదని ఎలా అంటామే, భోజనాలయ్యాయా అని అడిగేరు కదా అన్నాడు. అమ్మ గరిటె ఎత్తి, దించేసింది. మొహమాటానికి పోతే కడుపైందని సామెత. మేం మొహమాటానికి పోయి కడుపు మాడ్చుకున్నాం.

బాన అడుగంటిందని అప్పుడు అందరికీ తెలిసింది. ఇక చూడాలి. ఆయ్ అన్న నోళ్లే అమ్మ మీద విరుచుకుపడ్డాయి. ఆ పొగ లేకపోతే ఆగేవాళ్లు అన్నారొకరు. తలలు దువ్వించింది ఎవరు అన్నారొకరు. దాచిన బియ్యం వల్లే సర్కారు బియ్యం పోయాయి, కొబ్బరి తిని పడి ఉంటే నాలుగు బస్తాలు దిగేవి అన్నారు ఇంకొకరు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మూడు రోజులు ఎవరి గంజి తాగారని అరిచాను. ఎవరూ పట్టించుకోలేదు. ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే మా అమ్మ, గుమ్మం మీద కూలబడింది. కళ్ల నీళ్లు కారిపోతున్నాయి. మర్నాడు తిరుగుదారిలో పడవ ఆగింది, రెండు బస్తాలు దిగాయి, ఈసారి రేవులో నాన్నని నిలబెట్టలేదు అనుకోండి. కానీ ఆ సాయంత్రం ఆ సంగతి మాకు తెలియదు.

అప్పుడు నాయనమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. అయిపోయింది, ఇప్పుడు ఈవిడ కూడా ఉప్పు రాస్తుందనుకున్నాను.

"ఎందుకే ఏడుపు?" అంది నాయనమ్మ. "నా చిన్నప్పుడు మా అయ్య ఎవరి గుమ్మంలో నిలబడినా, నోరిప్పకముందే ఆకలికొచ్చేడని తెలిసిపోయేది. నన్ను చూసినా అంతే. ఇయ్యాళ అంత పెద్దాయన వచ్చి, మనందరినీ ఎగాదిగా చూసి, వీళ్లు తిన్నోళ్లే అనుకుని వెళ్లిపోయేడు. మన మొహాలు చూసి ఆ మాట అనుకున్న మనిషిని నేను ఇయ్యాళే చూసేనే."

వరండాలో గొడవ ఆగిపోయింది. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఆఖరి గంజికి ఎసరు పెట్టడానికి లోపలికి వెళ్లింది. నేను మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి నాయనమ్మ మొహం కేసి చూశాను. మా మొహాల్లో ఆకలి కనబడుతుందని అంతవరకూ నాతో ఎవరూ అనలేదు.