ఆపిన చోటు గుర్తుండే ప్లేయరు

మా పక్కింటి ఖాసీం అన్న దర్జీ. చూపు పోయి ఐదేళ్ళయింది. ఆడియో పుస్తకాలు వినే ప్లేయరు కొందామని ఈ రోజు ఆయన్ని మా ఊరు యాడికి నుంచి అనంతపురం తీసుకెళ్ళాను.

కొట్టతను డబ్బాలన్నీ నా ముందే పెట్టాడు. కొనేది ఆయనేనని రెండుసార్లు చెప్పినా రంగులు నాకే చూపించాడు. అన్న ఒక్కొక్కటీ తడిమి, పాట పెట్టించి, మధ్యలో ఆపించి, మళ్ళీ వేయించాడు. ప్రతిదీ మొదటి నుంచే పాడింది.

"పాటే కదన్నా, మొదట్నుంచి ఇంటే ఏమైతాది?" అన్నాడు కొట్టతను.

"పాటకేం కాదప్పా. పది గంటల పుస్తకం ఆపినప్పుడల్లా మొదట్నుంచి ఇనల్లంటే ఎట్ల?" అన్నాడు అన్న.

ఆపిన చోటు గుర్తుపెట్టుకునేది ఒక్కటే దొరికింది. దాని మీద ఒక్క బటనూ లేదు, అంతా నున్నటి అద్దమే. అన్న దాని మీద వేళ్ళు రెండుసార్లు తిప్పి, వెనక్కిచ్చేశాడు.

ఉత్త చేతులతో బస్సెక్కాం. దారి పొడుగునా వాన లేక మాడిన చెనిక్కాయ చేలు. వాటిని చూసే బాధ అన్నకు లేదు.

"ఇంట్లో ఉండేదీ మొదట్నుంచే పాడేదే. దాంట్లో నేను ఇనే నవల్లో పిల్ల ఇల్లిడిసి రైలెక్కే కాడికి ముప్పైసార్లు పోయినా. అంతలోకే బ్యాటరీ అయిపోతాది. తర్వాత ఏమైందో నువ్వన్నా చెప్పు" అన్నాడు.

ఆ నవల పదేళ్ళుగా మా బీరువాలోనే ఉంది. రెండు కళ్ళూ ఉన్న నేను దాని మొదటి పేజీ దాటలేదు.

బటన్లుండి, ఆపిన చోటు మరవని ప్లేయరు మీకు తెలిస్తే చెప్పండి. అన్నకు మాత్రం నా బీరువా సంగతి చెప్పకండి.