మురికి మాత్రమే వదిలించే సబ్బు

సబ్బులక్క వంటింట్లోనే సబ్బులు తయారుచేసి చుట్టుపక్కల దుకాణాలకు వేసేది. అమ్మకాలు పెరగాలని ఆమె తమ్ముడు "వారంలో తెల్లబడతారు" అని కొత్త లేబుళ్లు అచ్చువేయించుకొచ్చాడు.

"ఒరేయ్, పదేళ్లుగా ఇదే సబ్బు రుద్దుకుంటున్నాను. నేనేమైనా తెల్లబడ్డానా?"

"అందరూ అలాగే రాస్తారక్కా."

"రాసుకోనీ. అబద్ధమాడొద్దన్న వాక్యానికి ఆదివారం చర్చిలో ఆమెన్ అని, సోమవారం అబద్ధాన్నే కాగితంలో చుట్టి అమ్మలేను. మనది మురికి వదిలిస్తుంది, ఒళ్లు మండదు. అదే రాయించు."

తమ్ముడు గొణుక్కుంటూనే రాయించాడు. లేబుల్ చదివి నవ్వుకుంటూ కొన్నవాళ్లు, నిజంగానే మంట లేదని మళ్లీ వచ్చారు. పిల్లల ఆసుపత్రి నర్సు ఒకామె నెలకు వంద సబ్బులు కావాలని అడిగింది. చేతులు చాలక అక్క తమ్ముణ్ని కూడా సబ్బు అచ్చుల దగ్గర కూర్చోబెట్టింది.