విడవలూరు బావి నీళ్ళు

అరవైల మొదట్లో పొగాకు బేరం మాట్లాడడానికి నేనూ మా చెల్లెలి భర్తా కొలంబో వెళ్ళాం. పరాయి దేశం నీళ్ళు పడవని మా చెల్లెలు విడవలూరులోని తమ బావి నీళ్ళే ఇత్తడి బిందెలో నింపి, మూతికి గుడ్డ కట్టి ఇచ్చింది. రైల్లోనూ ఓడలోనూ దాహమన్న వాళ్ళంతా అందులో చెంబు ముంచారు.

కొలంబోలో నేను కొళాయి నీళ్ళు పట్టుకోబోతే బావ ఆపాడు.

“తాగబాక బావా!”

“ఇంత ఊరు తాగతా ఉందే, ఎంతమంది పడిపోయినారు?”

“నీ లెక్కలు కడుపుకేం తెలుసు?” అని నవ్వాడు. నేను కొళాయి నీళ్ళే తాగాను, ఆయన బిందె నీళ్ళే తాగాడు.

మర్నాడే ఆయనకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఏం తిన్నారని డాక్టరు అడిగాడు. ఇద్దరం తిన్నది ఒకే అన్నం. తీసివేస్తే తేడాగా మిగిలింది బిందెలో నీళ్ళే. ఆ నిలవ నీళ్ళు చూసి డాక్టరు తల పట్టుకున్నాడు. సాయంత్రానికి బావ పోయాడు.

ఒంటరిగా విడవలూరు చేరాను. తంతి అప్పటికే అందింది. చెల్లెలు గడపలోనే నా చెయ్యి పట్టుకుంది.

“అన్నా, ఆ దేశం నీళ్ళు తాగినారా ఆయన?”

“తాగినాడమ్మా. వద్దన్నా వినలేదు.”

“అంత చెప్పి పంపిస్తినే!” అని కుప్పకూలింది.

బతికినన్నాళ్ళూ తన మాట వినలేదని ఆయన్నే తిట్టుకుంది. బిందె నింపిన తన చేతులను తిట్టుకోవడం కంటే అదే మేలనుకున్నాను.